పిట్టల పుస్తకం కొనేముందు చెరువుకట్ట మీద ఒక పరీక్ష

మొన్న కందుకూరు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాళ్లమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూలువాళ్లు బస్సు మాట్లాడి నేలపట్టు పక్షుల అభయారణ్యానికి తీసుకెళ్లారట. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే గోల, పిట్టల పుస్తకం కొనిపెట్టమని. "ఏంది బావా ఇది, ఆన్‌లైన్‌లో చూస్తే ఇన్ని రకాలుండాయి? ఒకటి వందల్లో ఉంది, ఇంకోటి వేలల్లో ఉంది. అట్ట మీద మాత్రం అన్నిటికీ రంగురంగుల పిట్టే. ఏది కొనమంటావు?" అన్నాడు.

నేను పుస్తకం పేరు చెప్పలేదు. "సాయంత్రం మీ చెరువుకట్ట మీదకు పో. పేరు తెలియని పిట్టలు ఐదు చూసుకుని రా. అవి ఎట్టా ఉన్నాయో కాగితం మీద రాసుకో. ఆ తర్వాత పుస్తకం సంగతి మాట్లాడదాం" అన్నాను. పుస్తకం అడిగితే హోంవర్క్ ఇచ్చానని వాడికి కోపం వచ్చింది.

కోపం వచ్చినా చెప్పక తప్పదు. నా అలమరలో పిట్టల పుస్తకాలు ఏడున్నాయి. నెల్లూరు చెరువు దగ్గరికి గానీ, ఇస్కపల్లి ఉప్పు కొటార్ల వైపు గానీ పోయేటప్పుడు సంచిలో వేసుకునేది ఒక్కటే. మిగతా ఆరూ చెడ్డ పుస్తకాలేం కావు. నేను చూసే పిట్టలకు, నేను చూసే తీరుకు అవి పనికిరాలేదు, అంతే. భారత ఉపఖండం మొత్తం మీద 1,300కు పైగా రకాల పిట్టలున్నాయి. వాటిలో హిమాలయాలవి, ఈశాన్య కొండలవి బోలెడు. "అన్ని పిట్టలూ ఉన్నాయి" అని మురిసిపోయి కొన్న లావుపాటి పుస్తకంలో నేను ఇప్పటిదాకా తిప్పని పేజీలే ఎక్కువ.

కాబట్టి నా సలహా ఒక్కటే. పుస్తకాన్ని అట్ట చూసి కాదు, మన దగ్గర తికమకపెట్టే పిట్టల పేజీలు తెరిచి చూసి కొనండి. నెమలి బొమ్మ ఏ పుస్తకంలోనైనా బాగానే ఉంటుంది. నెమలిని గుర్తుపట్టడానికి పుస్తకం ఎవరికి కావాలి?

నేను తెరిచి చూసే పేజీలు ఇవి.

మొదటిది తెల్లకొంగల పేజీ. దమ్ము చేసే ట్రాక్టర్ వెనకాల కయ్యల్లో వందల కొద్దీ దిగుతాయి చూడండి, మనం అన్నిటినీ కలిపి కొంగలనే అంటాం. వాటిలో నాలుగు రకాలున్నాయి. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా ఉండి, పాదాలు మాత్రం పసుపు సాక్సులు తొడుక్కున్నట్టు ఉంటే చిన్న కొంగ. ముక్కు పసుపుగా, మెడ పొట్టిగా, గేదెల వెంట తిరిగేది ఇంకొకటి. గుడ్లు పెట్టే కాలంలో దాని తల, మెడ నారింజ రంగుకు తిరుగుతాయి. పెద్ద కొంగకూ మధ్య కొంగకూ తేడా పట్టుకోవడమే కష్టం. రెండిటికీ పసుపు ముక్కే, నల్ల కాళ్లే. నోటి చీలిక గీత పెద్దదానికి కన్ను దాటి వెనక్కి పోతుంది, మధ్యదానికి కంటి కిందే ఆగిపోతుంది. ఆ గీతను పుస్తకంలో విడిగా, పెద్దగా వేసి చూపించారా లేదా అన్నది చూడండి. ఇంకో చిక్కు, గుడ్లు పెట్టే రోజుల్లో పెద్ద కొంగ ముక్కు నల్లబడుతుంది. ఒక్క బొమ్మతో సరిపెట్టిన పుస్తకం చేతిలో ఉంటే ఆ నెలల్లో మీరు తప్పు పేరే రాసుకుంటారు.

రెండోది గుడ్డికొంగ. గట్టు మీద కూర్చుంటే మట్టిగడ్డలా ఉంటుంది. దగ్గరికి పోతే ఒక్కసారిగా తెల్లటి రెక్కలు విప్పి లేస్తుంది. కూర్చున్న బొమ్మ ఒక్కటే ఉన్న పుస్తకం ఇక్కడ చేతులెత్తేస్తుంది. పాలపిట్టదీ ఇదే కథ. కరెంటు తీగ మీద ఉన్నంతసేపూ గోధుమరంగు పిట్ట, లేచిందంటే నీలాల మూట విప్పినట్టు ఉంటుంది. ఎగిరేటప్పటి బొమ్మ లేని పుస్తకం పక్కన పెట్టేయండి అంటాను నేను. (2018లో మన రాష్ట్ర పక్షిగా రామచిలుకను ప్రకటించాక పాలపిట్ట మనకు కాకుండా పోయిందని మా నాన్న చాలా రోజులు బాధపడ్డాడు. తీగ మీద పిట్టకు ఆ సంగతి తెలియదు.)

మూడోది గద్దల పేజీ. తెల్లటి తల, ఇటుకరంగు ఒళ్లు ఉన్న గరుడ పక్షిని మనవాళ్లు చూడగానే గుర్తుపట్టి దణ్ణం పెట్టుకుంటారు. కానీ ఆ గరుడ పిల్ల తన మొదటి ఏడాదిలో మామూలు గద్దలాగే గోధుమరంగులో ఉంటుంది. తోక చూస్తే తెలుస్తుంది. గద్ద తోక చివర మధ్యలో నొక్కు పడి ఉంటుంది, గరుడ తోక గుండ్రంగా ఉంటుంది. కింది నుంచి చూస్తే ఎలా ఉంటుందో, పిల్లప్పుడు ఎలా ఉంటుందో ఈ రెండు బొమ్మలూ ఉండి తీరాలి. గద్దను మనం ఎప్పుడూ కింది నుంచే కదా చూసేది!

నాలుగోది ఆడ కోయిల. మగది నల్లగా, ఎర్ర కళ్లతో ఉంటుంది కాబట్టి అందరికీ తెలుసు. ఆడది గోధుమరంగు మీద తెల్లటి చుక్కలు, చారలతో ఉంటుంది. మా వీధిలో ఒకాయన దాన్ని డేగ అని ఏడాది పాటు వాదించాడు. పుస్తకం తెరిచి చూపించాక కూడా "అచ్చుతప్పు అయ్యుంటుందిలే" అన్నాడు.

ఐదోది అసలైన పరీక్ష, ఉల్లంకుల పేజీ. చలికాలం ఉప్పు కొటార్లలో, బురద కయ్యల్లో గుంపులుగా పరుగెత్తే చిన్న పిట్టలు. అన్నీ బూడిదరంగే, అన్నిటికీ పొట్ట తెలుపే. ఉత్తరాన అవి గుడ్లు పెట్టే చోట ఎర్రగా, నల్లగా సింగారించుకుని ఉంటాయి. మన దగ్గరికి వచ్చేసరికి ఆ సోకులన్నీ రాల్చేసి వస్తాయి. విదేశాల పిట్టల పుస్తకం చూసి మురిసిపోయేవాళ్లు ఇక్కడే మోసపోతారు. అందులో పెద్ద బొమ్మ వేసవి రంగులది, మూలన చిన్న బొమ్మ చలికాలానిది. మనకు కావలసింది ఆ మూలన ఉన్నదే. మన పొలాల్లోనే రెండు రకాల ఉల్లంకులు పక్కపక్కన తిరుగుతుంటాయి, చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. లేచినప్పుడు ఒకదాని రెక్క అడుగుభాగం బాగా నల్లగా, రెండోదానికి లేతగా కనపడుతుంది. ఇంకో చిన్నజాతిలో కాళ్ల రంగే ఆనవాలు, ఒకదానికి నలుపు, ఒకదానికి పసుపు. ఇవి ఒకే పేజీలో ఒకే సైజులో ఎదురెదురుగా ఉంటేనే బుర్రకెక్కుతాయి. నాలుగు పేజీల దూరంలో ఉంటే పేజీ తిప్పేలోగా పిట్ట పోతుంది.

ఈ ఐదిట్లో నాలుగు నెగ్గిన పుస్తకం మీ ఇంటికి రావచ్చు.

ఫోటోలా, బొమ్మలా?

కొత్తవాళ్లందరూ ఫోటోల పుస్తకమే తీస్తారు. నేనూ అదే తీశాను. ఫోటో అంటే నిజం, బొమ్మ అంటే ఎవరో గీసింది అనుకుంటాం. పిట్టల విషయంలో ఇది తలకిందులు. ఫోటో ఒక పిట్టది, ఒక రోజుది, ఒక వెలుగులోది. పులికాట్‌లో సాయంత్రం ఐదున్నరకు తీసిన ఫోటోలో బూడిదరంగు పిట్ట కూడా బంగారంలా ఉంటుంది. బొమ్మ వేసేవాడు చాలా పిట్టల్ని చూసి, దేనికీ నీడ పడకుండా, అన్నిటినీ ఒకే వైపు తిప్పి, ఒకే కొలతలో నిలబెడతాడు. తేడా ఎక్కడుందో అక్కడికి మీ కన్ను దానంతటదే పోతుంది. గుచ్చి గుచ్చి వెతకనక్కర్లేదు.

ఒక ఉదాహరణ చెప్తాను. మూడేళ్ల కింద నేలపట్టులో కడప అనే చెట్ల మధ్య ఒక పిట్టను చూశాను. గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు, లావు ముక్కు, మెడ లోపలికి ముడుచుకుని ముసలాయనలా కూర్చుంది. చేతిలో ఫోటోల పుస్తకం. అందులో ఆ పిట్ట లేదు. అసలు అది రాత్రి కొంగ పిల్ల. ఆ పుస్తకంలో రాత్రి కొంగ ఉంది గానీ పెద్దది మాత్రమే ఉంది, నల్లటి టోపీ పెట్టుకుని బూడిదరంగు కోటు తొడుక్కుని. పిల్లకూ తల్లికీ పోలికే లేదు. ఇంటికొచ్చి బొమ్మల పుస్తకం తీస్తే రెండూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. అరనిమిషం పట్టింది.

నేలపట్టులో ఇలాంటిదే ఇంకో తమాషా ఉంది. నత్తగుల్ల కొంగ అనగానే ముక్కు మధ్య సందు ఉంటుందని అందరూ చెప్తారు. ఆ కొంగ పిల్లలకు మొదట్లో ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. గూట్లో పిల్లల్ని చూసి "ఇది వేరే కొంగ" అని పందెం కాసినవాళ్లు నాకు తెలుసు. అందులో నేనూ ఒకణ్ణి.

అలాగని ఫోటోల పుస్తకాలు దండగ అనను. పిల్లలకు ఇష్టం పుట్టడానికి అవే మంచివి. గూడబాతు ఎంత పెద్దదో, దాని ముక్కు సంచి ఎలా వేలాడుతుందో ఫోటోలో చూస్తే పిల్లల కళ్లు ఇంతింతవుతాయి. పై ముక్కు అంచు వెంట వరసగా నల్లటి చుక్కలు కూడా కనిపిస్తాయి. మన గూడబాతుకు ఇంగ్లీషులో స్పాట్ బిల్డ్ పెలికాన్ అని పేరు ఆ చుక్కల వల్లే వచ్చింది. ఫోటోల పుస్తకం ఇంట్లో సోఫా మీద, బొమ్మల పుస్తకం సంచిలో. నా లెక్క ఇది.

పేరున్న పుస్తకాలు

సలీం అలీ పుస్తకం 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' 1941లో మొదట వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ముద్రణలు పడ్డాయి. అందులో నాకు నచ్చేది కొలత చెప్పే పద్ధతి. సెంటీమీటర్లతో మొదలుపెట్టడు. పిచ్చుకంత, బుల్‌బుల్ అంత, గోరింక కంటే కాస్త పెద్ద, కాకి కంటే చిన్న, ఇలా చెప్తాడు. మన పల్లెల్లో వాళ్లు చెప్పే లెక్క కూడా ఇదే. పిట్ట ఎక్కడ తిరుగుతుంది, ఏం తింటుంది, గూడు ఎలా కడుతుంది, ఎలా అరుస్తుంది అన్న రాత చదువుతుంటే పక్కన పెద్దాయన కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది. లోటు ఏంటంటే ఎంపిక చేసిన పిట్టలే ఉంటాయి, చాలావాటికి ఒక్క బొమ్మే. నా ఐదు పేజీల పరీక్షలో ఇది రెండు మూడింట్లో తప్పుతుంది. అయినా కొనమనే చెప్తాను. గుర్తుపట్టడానికి కాదు, పిట్టను గురించి తెలుసుకోవడానికి. ఈ రెండూ వేరు వేరు పనులని చాలామందికి తెలియదు. పేరు దొరకగానే పుస్తకం మూసేస్తారు.

గ్రిమెట్, ఇన్‌స్కిప్‌ల పుస్తకం మీద ఎక్కువమంది ఆధారపడతారు. ఉపఖండం మొత్తానికి వేసిన 'బర్డ్స్ ఆఫ్ ది ఇండియన్ సబ్‌కాంటినెంట్' రెండో ముద్రణ 2011లో వచ్చింది. ఎడమ పేజీలో రాత, పటాలు, కుడి పేజీలో బొమ్మలు అన్న పద్ధతి. ఆడ, మగ, పిల్ల, ఎగిరేది, చలికాలానిది అన్నీ ఉంటాయి. ఐదు పేజీల పరీక్షలో బాగా నెగ్గుతుంది. దీనికి బరువే శత్రువు. కట్ట మీద ఒక చేత్తో దూరదర్శిని (బైనాక్యులర్), ఇంకో చేత్తో ఈ పుస్తకం పట్టుకుని నిలబడితే గంటకు మణికట్టు లాగుతుంది. ఇదే బృందం 2005లో దక్షిణ భారతానికి మాత్రమే విడిగా ఒకటి తెచ్చింది, 'బర్డ్స్ ఆఫ్ సదరన్ ఇండియా'. హిమాలయాల గోల ఉండదు, పేజీలు తక్కువ, మనకు కనపడే అవకాశం ఉన్నవే ఎదురవుతాయి. నా సంచిలో ఉండే ఒక్కటీ ఇదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పది పిట్టల్లో ఒకటి వెతకడం వేరు, ముప్పై పిట్టల్లో ఒకటి వెతకడం వేరు.

రాస్ముసెన్, ఆండర్టన్ల 'బర్డ్స్ ఆఫ్ సౌత్ ఏషియా' 2005లో రెండు సంపుటాలుగా వచ్చింది, 2012లో మళ్లీ వేశారు. పిట్ట అరుపును గీతల్లో పటంగా వేసి చూపిస్తారు అందులో. రెండేళ్లు తిరిగాక, ఉల్లంకుల దగ్గర నిద్ర పట్టని స్థితికి వచ్చాక కొనండి. తొమ్మిదో తరగతి పిల్ల చేతిలో పెడితే రెండో రోజుకే పిట్టల మీద ఇష్టం పోతుంది.

ప్లాస్టిక్ పూత వేసి మడతపెట్టే కార్డులు ఉంటాయి, జేబులో పట్టేవి. వంద లోపు పిట్టలు. వాటిని చిన్నచూపు చూడొద్దు. వాన కురిసినా, బురద అంటినా తుడిస్తే పోతుంది. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే మా స్నేహితుడి దగ్గర అదొక్కటే ఉంది. నీటికాకికీ పాముబాతుకూ తేడా నాకంటే వాడే త్వరగా చెప్తాడు.

ఏ పుస్తకం తీసినా దాని వయసు చూసుకోండి. పిట్టలు మారవు గానీ పేర్లు మారుతుంటాయి, పేజీల వరస కూడా మారుతుంది. ఫ్లెమింగోను పాత పుస్తకాల్లో కొంగల పక్కన వెతకాలి. డీఎన్ఏ చూశాక దాని దగ్గరి చుట్టాలు కొంగలు కాదని, మన చెరువుల్లో బుడుంగున మునిగే బుడుబుంగలని తేలింది. అంత పొడుగుకాళ్ల దొరసానికి ఈ పొట్టిది చుట్టమా అనిపిస్తుంది కదూ. కాబట్టి కొత్త వరస పాటించే చోట ఆ రెండూ పక్కపక్కన ఉంటాయి. డేగల్లో కొన్నిటిని గద్దల నుంచి విడదీసి చిలుకల దగ్గరికి చేర్చారు. పాత పుస్తకం చౌకగా దొరికితే తీసుకోండి, కానీ వెనక ఉన్న పేర్ల పట్టికతోనే పని జరుపుకోండి.

ఇంకొకటి, మన కోస్తాకు మాత్రమే ఉన్న ఇబ్బంది. గుడ్లు పెట్టే కాలం జూలై నుంచి సెప్టెంబరు అని చాలా పుస్తకాలు నీటి పిట్టల గురించి రాస్తాయి. అది ఉత్తరాది లెక్క. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. చెరువులు నిండాకే నేలపట్టులో గూళ్లు కడతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ పిల్లల గోల వినాలి. రాతలో "దక్షిణాన" అని విడిగా నెలలు ఇచ్చిన పుస్తకమైతే మన గురించి కూడా ఆలోచించినట్టు లెక్క. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు నేలపట్టు తిరుపతి జిల్లాలోకి పోయింది. మా నోటికి మాత్రం ఇంకా నెల్లూరు పిట్టలే.)

ఫోన్ ఉండగా పుస్తకం ఎందుకు?

మా బావమరిది అడిగిన రెండో ప్రశ్న ఇది. న్యాయమైనదే. కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షుల ప్రయోగశాల వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం. మీరున్న చోటు, తేదీ, పిట్ట సైజు, రంగు, అది ఏం చేస్తోంది అని అడిగి జాబితా ఇస్తుంది. ఫోటో పెట్టినా చెప్తుంది, అరుపు వినిపించినా చెప్తుంది. మన ప్రాంతం ప్యాక్ ముందే దించుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. దీని గొప్ప బలం, ఈ నెలలో ఈ చోట ఏ పిట్టలు కనపడే అవకాశం ఉందో జనం నమోదు చేసిన లెక్కల్లోంచి తీసి చెప్పడం. అచ్చు పుస్తకానికి అది చేతకాదు.

అరుపుల విషయంలో యాప్ ముందు పుస్తకం నిలవదు. "కీ కీ కీ" అని అక్షరాల్లో రాస్తే ఎవరికి అర్థమవుతుంది? ఉదయగిరి కొండల వైపు పోతే సగం పిట్టలు ఆకుల వెనక దాక్కుని అరుస్తాయి, కనపడవు. అక్కడ ఫోన్ తీయండి.

గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే మాత్రం పుస్తకమే. యాప్ జవాబు చెప్తుంది, పుస్తకం పేజీ మీద ఆ జవాబు చుట్టూ ఉన్న తప్పు జవాబులు కూడా కనపడతాయి. "ఇది ఎందుకు కాదు, అది ఎందుకు కాదు" అని చూసుకుంటూ పోతేనే కన్ను పదునెక్కుతుంది. అప్పట్లో నా ఫోన్‌లో ఒక వేరే యాప్ ఉండేది, దాని పేరెందుకులే. దూరం నుంచి తీసిన ఒకే గద్దవి రెండు ఫోటోలు పెడితే రెండు పేర్లు చెప్పింది. రెండూ నమ్మకంగానే చెప్పింది. పుస్తకంలో తోక చూసుకుని తేల్చుకున్నాను. పిల్ల గరుడ.

తెలుగు పేర్ల సంగతి

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు బాగా ఇష్టమైన విషయం.

పైన చెప్పిన పుస్తకాలన్నీ ఇంగ్లీషువే. మనవాళ్ల నోళ్లలో ఉన్న పేర్లు వాటిలో దొరకవు. ఏట్రింతను పసుల పోలిగాడు అని పిలుస్తారు, గేదె వీపు మీద దొరలా కూర్చుని పురుగుల్ని పడుతుంది కాబట్టి. జెముడుకాకి, కూకుడుగువ్వ, లకుముకి, గిజిగాడు, పూరేడు, జీనువాయి, బొల్లికోడి. ఒక్కో పేరు పలికితేనే పిట్ట కళ్ల ముందుకు వస్తుంది.

పూర్వం ఇంగ్లీషువాళ్ల పుస్తకాల్లోనే ఈ పేర్లు ఎక్కువ ఉండేవి. అందులో మన నెల్లూరు ఊసు కూడా ఉంది. జెర్డన్ అని ఒక డాక్టరు 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఇక్కడి యానాదుల దగ్గర జంతువుల గురించి, పిట్టల గురించి అడిగి తెలుసుకున్నాడు. ఆ రోజుల్లోనే యాభై బొమ్మలతో భారతీయ పిట్టల పుస్తకం తెచ్చాడు, వాటిలో మనదేశపు చిత్రకారులు వేసినవి ఉన్నాయి. తర్వాత 1862, 1864 మధ్య అచ్చయిన పెద్ద పుస్తకంలో పిట్ట పిట్టకూ దేశభాషల పేర్లు ఇచ్చాడు, తెలుగుతో సహా. ఒక పిట్టకు ఆయన రాసుకున్న తెలుగు పేరు అడవి ఉత్తతిత్తి. తిత్తి అంటే సంచి, ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి. అది మన కలివికోడి. ప్రపంచం దానికి జెర్డన్ పేరే పెట్టుకుంది.

ఆ పిట్ట తర్వాత కనపడకుండా పోయింది. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. వెతికిన శాస్త్రవేత్తకు దారి చూపింది అక్కడి పిట్టలు పట్టేవాళ్లు. కలివికోడి అన్న పేరు వాళ్ల దగ్గర బతికే ఉంది. రాత్రిపూట కలివి పొదల మధ్య తిరిగే పిట్ట అది, పగలు పుస్తకం పట్టుకు తిరిగేవాళ్లకు ఎక్కడ దొరుకుతుంది?

అందుకే, ఏ పుస్తకం కొన్నా మార్జిన్ వెడల్పుగా ఉందా, కాగితం మీద పెన్సిల్ పడుతుందా అని చూస్తాను. నున్నటి ఆర్ట్ పేపరు మీద పెన్సిల్ జారిపోతుంది. నా పుస్తకంలో ప్రతి బొమ్మ పక్కనా ఎవరు ఏ పేరు చెప్పారో రాసుకున్నాను. ఒకే పిట్టకు అల్లూరులో ఒక పేరు, పొదిలిలో ఇంకో పేరు వస్తాయి. రెండూ రాసుకోండి. ఏది సరైనదని గొడవ పడకండి.

డబ్బుల దగ్గర

రంగుల పుస్తకం కాబట్టి ముద్రణ నాణ్యత ముఖ్యం. ఇందులో నేను దెబ్బ తిన్నాను. ఒక పేరున్న పుస్తకం ఆన్‌లైన్‌లో సగం ధరకు కనపడితే ఎగబడి కొన్నాను. వచ్చింది దొంగ అచ్చు. బొమ్మలన్నీ కాస్త ఎరుపు తిరిగాయి. గోధుమరంగు పిట్టలన్నీ ఇటుకరంగులోకి మారాయి. ఆడ కోయిల ఏదో కొత్త జాతిలా ఉంది. నెల రోజులు నా కళ్లలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. వచ్చిన వెంటనే చిలుక బొమ్మ తీసి చూడండి. చిలుక పచ్చ అందరికీ తెలిసిన పచ్చే, అది తేడాగా ఉంటే మిగతావీ తేడాయే. వెనక్కి పంపేయండి.

కుట్టు కూడా చూడండి. మధ్యలో తెరిచి బల్ల మీద పెడితే తెరిచినట్టే ఉండాలి. జిగురుతో అతికించిన పుస్తకం మన ఎండలకు రెండో వేసవికి పేజీ పేజీగా రాలుతుంది. కొత్తపట్నం బీచ్‌లో నా పుస్తకంలోంచి బాతుల పేజీలు రెండు గాలికి ఎగిరిపోయాయి. పిట్టల పుస్తకం కదా, ఎగరాలనిపించింది కాబోలు.

చేతిలో ఉన్న డబ్బుకు పుస్తకమో దూరదర్శినో ఒక్కటే వస్తుందంటే దూరదర్శినికే నా ఓటు. 8x42 అని రాసి ఉన్నది తీసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. మసక వెలుతురులోనూ బాగుంటుంది. పది రెట్లు, పన్నెండు రెట్లు అని ఆశపడితే చేయి వణికి పిట్ట తెర మీద నాట్యం చేస్తుంది. పుస్తకం వచ్చే నెల కొనొచ్చు, అప్పటిదాకా యాప్ ఉంది.

మా బావమరిది నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. కోపం పోయింది, గొంతులో హుషారు. కూతుర్ని కూడా తీసుకుని పోయాడట కట్ట మీదకు. ఐదు రాసుకు రమ్మంటే పదకొండు రాసుకొచ్చారు. చదివి వినిపించాడు. "నీళ్లలో తల మాత్రమే పైకి పెట్టి పాములా పోయేది, ఒకటి." పాముబాతు. "తెల్లది, కాళ్లు నల్లవి, పాదాలు మాత్రం పసుపు, ఇదేంది బావా చెప్పులేసుకున్నట్టు?" చిన్న కొంగ. "తీగ మీద గోధుమరంగు, లేచిందా, మా పాప కేక పెట్టింది." పాలపిట్ట.

ఆ అమ్మాయికి దక్షిణ భారతం పుస్తకం కొనమన్నాను. పుట్టినరోజుకు సలీం అలీది నేను ఇస్తానన్నాను. ఫోన్ పెట్టేసే ముందు ఆ పిల్ల తీసుకుని, "మామయ్యా, పదకొండోది ఇంకా చెప్పలేదు నువ్వు. బూడిదరంగు, చిన్నది, బురద అంచున పరుగెత్తుతా ఉంది, పొట్ట తెలుపు" అంది.

"కాళ్లు ఏ రంగమ్మా?" అన్నాను.

"చూడలేదు మామయ్యా."

"రేపు పొద్దున మళ్లీ పో."